ముందు వరస ఎవరిది?

2023 అక్టోబరు 2న వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టులో మన తెలుగువాడొకరు సాక్ష్యం చెప్పారు. ఆయన మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల. పుట్టింది హైదరాబాద్‌లో. తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ సొంతూరు అనంతపురం జిల్లా బుక్కాపురం. గూగుల్ మీద అమెరికా ప్రభుత్వం వేసిన దావాలో నాదెళ్ల చెప్పిన మాటల సారం ఇది: జనం పొద్దున లేస్తారు, పళ్లు తోముకుంటారు, గూగుల్‌లో వెతుకుతారు. ఫోనులో ముందే ఏది పెట్టి ఇస్తే దాన్నే వాడతారు తప్ప, నచ్చింది ఎంచుకునే స్వేచ్ఛ ఉందనడం ఉత్త మాట. నాదెళ్ల కంపెనీ కూడా చిన్నదేమీ కాదు. 1998లో అదే అమెరికా ప్రభుత్వం చేతిలో ఇలాంటి దావానే ఎదుర్కొంది. పోటీదారు చెప్పిన సాక్ష్యాన్ని ఆచితూచి వినాలి, నిజమే. కానీ పొద్దున్నే పళ్లు తోముకోవడం గురించి ఆయన చెప్పిన మాటలో అబద్ధం లేదు.

పాకాలలోనూ తెల్లవారేది అలాగే. తిరుపతి నుంచి కాట్పాడి పోయే లైనూ, ధర్మవరం లైనూ కలిసే జంక్షను ఇది. రైలు ఎన్ని గంటలకో చూసుకోవాలన్నా, కాణిపాకం దర్శనం వేళలు కావాలన్నా, తోతాపురి మామిడి ఇవాళ ఎంత పలికిందో తెలియాలన్నా, పిల్లకు ఇంజనీరింగు సీటు ఎక్కడ దొరుకుతుందో చూడాలన్నా జేబులోంచి ఫోను తీసి వెతకడమే. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ఇదెంత పెద్ద మేలో చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లకే బాగా తెలుసు. ఆ మేలును తక్కువ చేసి చూపడం ఈ సంపాదకీయం ఉద్దేశం కాదు.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. తెర మీద పైన కనబడే నాలుగు వరసలు ఎవరివి? వాటిని అక్కడ పెట్టిందెవరు, ఏ లెక్కన పెట్టారు? కింది వరసల దాకా వేలు జరిపి చూసేవాళ్లు తక్కువ. ముందు వరసలో కనబడినవాడికి బేరం, కనబడనివాడికి ఈగలు తోలుకోవడం. తిరుపతి ప్రాంతంలో ఈ ప్రశ్న వ్యాపారంతో ఆగదు. శ్రీవారి సేవా టికెట్ల పేరుతో భక్తులను మోసగిస్తున్న 40కి పైగా నకిలీ వెబ్‌సైట్ల మీద తిరుమల తిరుపతి దేవస్థానం 2023 నాటికే పోలీసులకు ఫిర్యాదు చేసింది. తెర మీద దేని పక్కన ఏది కనబడుతోందో పోల్చుకోలేని ముసలివాళ్ల డబ్బు ఎలా పోతుందో ఇక్కడివాళ్లకు వేరే చెప్పాలా?

నాదెళ్ల సాక్ష్యం చెప్పిన కేసులో 2024 ఆగస్టు 5న తీర్పు వచ్చింది. న్యాయమూర్తి అమిత్ మెహతా గుజరాత్‌లో పుట్టి అమెరికాలో పెరిగినవారు. వెతుకులాటలోనూ, దాని పక్కన వచ్చే అక్షర ప్రకటనల్లోనూ గూగుల్‌ది గుత్తాధిపత్యమేననీ, దాన్ని నిలబెట్టుకోవడానికి చట్టాన్ని మీరిందనీ తేల్చారు. గూగుల్ సెర్చ్ నాణ్యతలో మేటి అని అదే తీర్పులో ఒప్పుకున్నారు కూడా. తప్పు పట్టింది సరుకును కాదు, దారులన్నీ ముందే కొనేసుకోవడాన్ని. ఫోన్లలో, బ్రౌజర్లలో మొదట తానే ఉండేందుకు ఒక్క 2021లోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని విచారణలో బయటపడింది. అంత మంచి సరుకైతే అంత డబ్బు పోసి ముందు వరస ఎందుకు కొనుక్కోవాలన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

మన దేశంలో ఈ సంగతి అంతకుముందే తేలింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లు ముందే ఎక్కించి ఇవ్వాలని తయారీదారుల మీద షరతులు పెట్టినందుకు 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ) గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రైబ్యునల్ కొన్ని ఆదేశాలను కొట్టేసినా, జరిమానాను మాత్రం అలాగే ఉంచింది. ఆ ఏడాది జనవరిలోనే, ఏ సెర్చ్ ఇంజిన్ కావాలో ఎంచుకునే వీలు భారత్‌లో ఇస్తామని గూగుల్ ప్రకటించింది. చేతిలో ఉన్న ఫోనులో ఆ వీలు ఎక్కడుందో తెలిసినవాళ్లు పాకాల బస్టాండులో ఎందరుంటారు? హక్కు ఇచ్చామని చెప్పడం వేరు, అది జనం కంటపడేలా ఇవ్వడం వేరు.

వెతుకులాట కథ జనానికి అంతో ఇంతో తెలుసు. ప్రకటనల కథే తెలియదు. దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

సొంత తోటలో కాసిన బేనీషా కాయల్ని పెట్టెల్లో సర్ది, పార్సిల్‌లో హైదరాబాద్‌కో బెంగళూరుకో పంపే కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. ఇప్పుడు ఇలాంటివాళ్లు ఊరూరా తయారవుతున్నారు. మంచి పరిణామమే. అతను రోజుకు కొన్ని వందల రూపాయలు పక్కన పెట్టి ప్రకటన ఇస్తాడు. ఫలానా మాటలు వెతికినవాళ్లకు తన పేరు కనబడాలని రాసుకుంటాడు. ఎవరో ఎక్కడో ఆ మాటలు కొట్టి, పేజీ తెరుచుకునే లోపే, రెప్పపాటులో ఒక వేలం జరిగిపోతుంది. ఎవరెంత పాడారన్నదొక్కటే చాలదు. ప్రకటన ఎంత బాగుందని కంపెనీ యంత్రం భావిస్తే అంత మొగ్గు. ఆ మార్కులు వేసేదీ కంపెనీయే. పాట గెలిస్తే పైన చిన్న అక్షరాల్లో ‘స్పాన్సర్డ్’ అన్న గుర్తుతో అతని పేరు వస్తుంది. ఎవరైనా దాని మీద నొక్కితే డబ్బు తెగుతుంది, కాయలు కొన్నా కొనకపోయినా.

ఈ వేలంలో అతనికి కనబడనివి చాలా ఉన్నాయి. తాను రాసుకున్న మాటలకే ప్రకటన రావాలని కోరుకున్నా, దగ్గరి అర్థం ఉన్నట్టు యంత్రానికి తోచిన మాటలకూ అది వస్తుంది. దాన్ని పూర్తిగా వద్దనుకునే మార్గం ప్రకటనదారుకు లేదు. ఏయే మాటలు వెతికినవాళ్లు తన ప్రకటన నొక్కారో తెలిపే నివేదికల్లో వివరాలు తగ్గిపోయాయి. ఇవి మనం ఊహించి చెబుతున్నవి కావు, మెహతా తీర్పు ఎత్తిచూపినవే. వేలం తీరును సవరించి సాధారణంగా 5 శాతం దాకా, కొన్ని మాటలకు బహుశా 10 శాతం దాకా ధరలు పెంచిన సందర్భాలున్నాయనీ, ప్రకటనదారులకు ఆ సంగతి చెప్పలేదనీ గూగుల్ ప్రకటనల విభాగం అధికారే 2023 సెప్టెంబరులో కోర్టులో ఒప్పుకున్నారు. పోటీ గట్టిగా ఉన్నచోట ఇలా చేస్తే కొనేవాడు పక్క దుకాణానికి పోతాడు. ఇక్కడ పక్క దుకాణం లేదు. పెరిగిన ఆ ఖర్చు చివరికి చేరేది పెట్టె కాయల ధరలోకే. కట్టేది కొనుక్కున్న ఇల్లాలే.

వెబ్‌సైట్లలో, వార్తల పక్కన వచ్చే బొమ్మల ప్రకటనలది ఇంకో బజారు. అది ఎలా నడుస్తుందో తెలియాలంటే పాకాల మండలంలోనే ఉన్న దామలచెరువు మామిడి మండీలను తలుచుకుంటే చాలు. ట్రాక్టర్ల మీద కాయ వస్తుంది, రాశులు పోస్తారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వ్యాపారులు తిరిగి చూసుకుంటారు, పాట సాగుతుంది. మండీ యజమాని రైతు తరఫున అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాడు. కొనేవాడికి వాడి మనుషులు వేరే ఉంటారు. కాటా ఎవరి పక్షమూ వహించకూడదు. ఇప్పుడు మండీ స్థలం, రైతు తరఫు దళారీ, వ్యాపారి తరఫు దళారీ, కాటా అన్నీ ఒకే యజమాని చేతిలో ఉన్నాయనుకోండి. చీటీలో రాసిన ధర నిజమో కాదో రైతు ఎవర్ని అడగాలి?

ఆన్‌లైన్ ప్రకటనల బజారులో జరిగింది అదే. వెబ్‌సైట్ల తరఫున చోటు అమ్మిపెట్టే పనిముట్టు గూగుల్‌ది. ఆ చోటు చేతులు మారే ఎక్స్ఛేంజీ గూగుల్‌ది. కొనేవాళ్లు ఎక్కువగా వాడే పనిముట్లూ గూగుల్‌వే. ఈ మూడూ మన దగ్గరే ఉండటం లోతైన సమస్య కాదా, పెద్ద బ్యాంకే న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీని సొంతం చేసుకున్నట్టు లేదా అని ఆ కంపెనీ ఉద్యోగే ఒకరు 2016లో లోపల రాసుకున్న ఉత్తరాన్ని అమెరికా ప్రభుత్వం తన దావాలో పెట్టింది. 2025 ఏప్రిల్ 17న వర్జీనియాలో న్యాయమూర్తి లియోనీ బ్రింకెమా తీర్పు చెప్పారు. అమ్మకందారుల పనిముట్టును, ఎక్స్ఛేంజీని ఒకదానికొకటి ముడిపెట్టి ఈ రెండు బజార్లలోనూ గూగుల్ అక్రమంగా గుత్తాధిపత్యం సాధించిందన్నారు. కొనేవాళ్ల వైపు పనిముట్ల గురించిన ఆరోపణ మాత్రం రుజువు కాలేదన్నారు. ఎక్స్ఛేంజీలో రూపాయికి 20 పైసలు కమీషన్‌గా పోతున్న సంగతి కూడా ఆ విచారణలో చర్చకు వచ్చింది. 2025 సెప్టెంబరు 5న ఐరోపా కమిషన్ ఇదే వ్యవహారంలో 295 కోట్ల యూరోల జరిమానా వేసింది.

అమ్మేవాడు, కొనేవాడు, తూచేవాడు ఒకడే కాకూడదన్న బుద్ధి మనకు వర్జీనియా నుంచి దిగుమతి కానక్కర్లేదు. చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1933లో, మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. పత్తి, వేరుశనగ, పొగాకు లాంటి పంటల కొనుగోళ్లలో రైతు మోసపోకుండా మార్కెట్ కమిటీలు, లైసెన్సులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 1966లో తన సొంత మార్కెట్ల చట్టం చేసుకుంది. ఆ చట్టాల అమలులో లోపాలు లేవని కాదు. తరుగు పేరుతో, కమీషన్ పేరుతో రైతును ఇప్పటికీ కోస్తూనే ఉన్నారు. కొనేవాళ్లు కొద్దిమందే అయినప్పుడు ధర ఎలా కూలుతుందో 2025 వేసవిలో తోతాపురి రైతులు కళ్లారా చూశారు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, పైన 4 రూపాయలు మేమిస్తాం అని ప్రభుత్వమే ముందుకు రావాల్సి వచ్చింది. అయినా మండీలో అన్యాయం జరిగితే వెళ్లి నిలదీయడానికి ఒక గుమ్మం ఉంది, ఒక అధికారి ఉన్నాడు. రెప్పపాటు వేలంలో అన్యాయం జరిగితే పాకాల కుర్రాడు ఎవరి గుమ్మం ఎక్కాలి?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ తగాదాలో పత్రికలకూ ప్రయోజనం ఉంది. ఒకప్పుడు జిల్లా పేజీలో అచ్చయిన చిన్న ప్రకటనల్లో చాలావరకు ఇప్పుడు ఫోను తెర మీదికి పోయాయి. వార్తలు మేం రాస్తుంటే వాటి పక్కన వచ్చే ప్రకటనల రాబడి పంపకం గూగుల్ ఇష్టారాజ్యంగా చేస్తోందని డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదు చేయగా, 2022 జనవరిలో సీసీఐ దర్యాప్తునకు ఆదేశించింది. ఆ సంఘం సభ్యుల్లో ఈనాడు కూడా ఉంది. కాబట్టి పత్రికల్లో ఈ విషయం మీద వచ్చే ప్రతి మాటనూ, ఇదిగో ఈ మాటలతో సహా, పాఠకులు ఆ ఎరుకతోనే చదవాలి.

పత్రికల నష్టం కంటే ముందు మన దేశంలో ఈ పోరు మొదలైంది పెళ్లి సంబంధాల దగ్గర. తెలుగు మ్యాట్రిమోనీ పేరుతో మన ఇళ్లకూ తెలిసిన భారత్ మ్యాట్రిమోనీ సంస్థ చెన్నైది. తమ పేరు కొట్టి వెతికినవాళ్లకు పోటీదారుల ప్రకటనలు పైన చూపుతున్నారని, ఆ మాటలనే వేలానికి పెడుతున్నారని ఆ సంస్థ 2012లో సీసీఐని ఆశ్రయించింది. జైపూర్‌కు చెందిన వినియోగదారుల సంఘం కట్స్ కూడా ఫిర్యాదు చేసింది. 2018 ఫిబ్రవరి 8న ఉత్తర్వు వెలువడింది. పేరును వేలానికి పెట్టడం గురించిన ఫిర్యాదు నిలవలేదు. విమాన టికెట్లు వెతికితే తన సొంత పెట్టెను ప్రముఖంగా చూపడం, కొన్ని ఫలితాలను 2010 వరకు ముందే నిర్ణయించిన చోట్లలో పెట్టడం, ఇతర వెబ్‌సైట్లతో కుదుర్చుకున్న ఒప్పందాల్లో పోటీదారుల సెర్చ్ వాడకూడదని కట్టడి చేయడం తప్పన్నారు. 135.86 కోట్ల రూపాయల జరిమానా వేశారు. ఇద్దరు సభ్యులు ఈ తీర్పుతో విభేదించారు. బుద్ధిమంతులు భిన్నంగా ఆలోచించదగ్గ విషయమే ఇది. ఐరోపాలోనూ ప్రకటనల ఒప్పందాల మీద 2019లో వేసిన 149 కోట్ల యూరోల జరిమానాను 2024 సెప్టెంబరులో అక్కడి జనరల్ కోర్టు రద్దు చేసింది.

ఎవరు గెలిచారన్నదాని కంటే మనసును కలచివేసేది ఎన్నేళ్లు పట్టిందన్నది. 2012లో ఫిర్యాదు, 2018లో ఉత్తర్వు, ఆపైన అప్పీళ్లు. పెద్ద సంస్థ కాబట్టి భారత్ మ్యాట్రిమోనీ తట్టుకుంది. బ్రిటన్‌లో ఆడమ్, శివాన్ రాఫ్ అనే దంపతులు తట్టుకోలేకపోయారు. ధరలు పోల్చి చూపే ఫౌండెమ్ అనే వెబ్‌సైట్‌ను వాళ్లు 2006లో పెట్టారు. కొద్దికాలానికే గూగుల్ ఫలితాల్లో అది ఎక్కడో అడుగుకు జారిపోయింది. 2009లో ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. 2017లో గూగుల్‌కు 242 కోట్ల యూరోల జరిమానా పడింది. 2024 సెప్టెంబరు 10న ఐరోపా అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది. వాళ్ల మాటే నిజమని తేలింది. కానీ ఫౌండెమ్ 2016లోనే మూతపడింది. భార్యాభర్తలిద్దరికీ ఏళ్లకేళ్లు ఆ కాగితాల్లోనే కరిగిపోయాయి.

జరిమానా ఖజానాకు చేరుతుంది. నష్టపోయినవాడి చేతికి రాదు. పరిహారం కోరుతూ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లే దారి కాంపిటీషన్ చట్టం 53ఎన్ సెక్షన్‌లో ఉంది. ఏళ్లకేళ్లు వాయిదాలు తిరిగే స్తోమత ఉంటేనే అది దారి. 2023 సవరణతో చట్టానికి కోరలు పెరిగిన మాట నిజం. జరిమానాను ప్రపంచవ్యాప్త టర్నోవరు మీద లెక్కగట్టవచ్చు, రాజీకి కూడా వీలుంది. నష్టం జరిగాక విచారించడం కాకుండా, పెద్ద డిజిటల్ కంపెనీలకు ముందే కట్టుబాట్లు పెట్టాలన్న ముసాయిదా బిల్లు 2024 మార్చిలో వెలువడింది. దాని మీద అభ్యంతరాలు చాలా వచ్చాయి. వాటిలో కొన్ని ఆలోచించదగినవే. మితిమీరిన కట్టుబాట్లు ఎదుగుతున్న మన సంస్థల మెడకే చుట్టుకుంటాయన్న భయాన్ని తీసిపారేయలేం. అంతమాత్రాన బిల్లును అటకెక్కించడం సరికాదు. సొంత సరుకును ముందు వరసలో పెట్టుకోకూడదు, వేలం నిబంధన మారితే ప్రకటనదారుకు ముందే చెప్పాలి, డబ్బు తెగిన ప్రతి నొక్కుకూ ఏ మాట వెతికితే అది వచ్చిందో చూపాలి. ఈ మూడింటిని అడగడం ఏ కంపెనీ మీదా కక్ష కాదు.

విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించినప్పుడు రాష్ట్రమంతా సంతోషించింది. ఆ సంతోషం సబబే. పిల్లలకు ఉద్యోగాలొస్తే ఎవరికి చేదు? ఉత్తరాంధ్రకు అంత పెట్టుబడి రావడం చిన్న విషయం కాదు. అయితే పెట్టుబడి పెట్టిన సంస్థను న్యాయం అడగకూడదన్న మొహమాటం ప్రభుత్వానికి ఉండకూడదు. పైగా వెతుకులాట తీరే ఇప్పుడు మారిపోతోంది. లింకుల వరసలు కిందికి పోయి, పైన ఏఐ చెప్పే ఒకే ఒక్క జవాబు వస్తోంది. మెహతా 2025 సెప్టెంబరు 2న పరిష్కారాలు ప్రకటిస్తూ, క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మించకుండా వదిలేయడానికీ, ప్రత్యేక ఒప్పందాలు కూడదనడంతోనూ కొంత సమాచారం పోటీదారులకు ఇవ్వాలనడంతోనూ సరిపెట్టడానికీ ఈ మార్పు ఒక కారణం. ఏఐ వల్ల ఈ జబ్బు ఇంకా ముదరవచ్చని నాదెళ్ల ఆనాటి సాక్ష్యంలోనే భయపడ్డారు. నాలుగు వరసలున్నప్పుడు కనీసం నాలుగో వాడికి ఆశ ఉండేది. జవాబు ఒక్కటే అయినప్పుడు అందులో ఎవరి పేరు ఉంటుంది, ఆ పేరుకు ఎవరు డబ్బు కట్టారు అన్నది మన చట్టాలు ఇప్పుడే, ఆ అలవాటు ముదరకముందే తేల్చాలి.

సీసీఐకి 2021 నుంచి చెన్నైలో దక్షిణ ప్రాంతీయ కార్యాలయం ఉంది. వ్యక్తులు ఫిర్యాదు చేయాలంటే రుసుము 5,000 రూపాయలు. భరించలేనంత కాదు. కానీ ఫిర్యాదు రాయాల్సిన తీరు, జత చేయాల్సిన ఆధారాలు చిన్న వ్యాపారి ఒంటరిగా మోయగలిగేవి కావు. చిత్తూరు, తిరుపతి జిల్లాల వర్తక సంఘాలు, మామిడి రైతు సంఘాలు, లాడ్జీల యజమానులు కలిసి ఈ పని చేయవచ్చు. ప్రకటనలకు కట్టిన డబ్బు లెక్కలు, తెర మీద కనబడిన వరసల ఫొటోలు తేదీలతో సహా ఇప్పటి నుంచే దాచిపెట్టుకోవడం మొదటి మెట్టు. ప్రాంతీయ కార్యాలయం తన వంతుగా ఏడాదికోసారైనా ఈ జిల్లాలకు వచ్చి, తెలుగులో కూర్చోబెట్టి వినాలి. కాట్పాడి మీదుగా రైలెక్కితే ఒక పూట ప్రయాణం. కోతలు మొదలుకాకముందు, మార్చిలోనో ఏప్రిల్ తొలి వారంలోనో వస్తే రైతులకూ వ్యాపారులకూ తీరిక ఉంటుంది.